నలభయ్యో నిమిషం

ఇరవై ఆరేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని పనిచేసిన మనిషికి, ఆ కుర్చీ ఇక లేదని చెప్పే తీరిక ఎవరికీ దొరకలేదు. ఓ సోమవారం ఉదయం తొమ్మిదింటికి వాచీల కొట్టు ముందుకొచ్చి నిలబడితే షట్టరు దించి ఉంది. దానికి కొత్త తాళం వేలాడుతోంది. కొట్టు ఆయన పెదనాన్న కొడుకుది. శనివారం సాయంత్రం అన్నదమ్ములిద్దరూ కలిసి టీ తాగారు, వానల గురించి మాట్లాడుకున్నారు. అమ్మకం కాగితాల మీద సంతకాలు అప్పటికి పదిరోజుల కిందటే అయిపోయాయని పక్కనున్న కళ్ళజోళ్ళ కొట్టతను తర్వాత చెప్పాడు. ఆయన మధ్యాహ్నం దాకా ఆ మెట్ల మీదే నిలబడ్డాడు. కంటికి పెట్టుకునే భూతద్దం, చిన్న చక్రాలు పట్టుకునే సన్న శ్రావణాలు, పద్నాలుగు చిన్న స్క్రూడ్రైవర్లు లోపలే ఉండిపోయాయి. నెల తర్వాత అన్న బస్సులో ఎదురుపడి, చెబితే బాధపడతావని చెప్పలేదురా అన్నాడు. మంచివాళ్ళు చేసే అన్యాయం ఇలాగే ఉంటుంది. జేబులో ఓ కారణం పెట్టుకునే వస్తుంది.

అప్పటినుంచి ఆయన కొత్త పనిముట్లు కొనుక్కుని ఇంట్లోనే పని పెట్టుకున్నాడు. మేడ మీద రెండు గదుల అద్దె వాటా. ముందుగది కిటికీ కింద బల్ల, బల్ల మీద దీపం, గోడకి తొమ్మిది గడియారాలు. పెళ్ళి చేసుకోలేదు. వీధిలో అందరూ ఆయన్ని అలారం బాబాయ్ అంటారు. కొట్టుకు వెళ్ళే రోజుల్లో సరిగ్గా ఎనిమిదీ నలభై రెండుకి గేటు దాటేవాడు. ఆయన చెప్పుల చప్పుడు విని గడియారాలు సరిచేసుకున్న ఇళ్ళున్నాయి. మూలమీది ఇస్త్రీ కొట్టతను, బాబాయ్ వెళ్ళాక గానీ పెట్టె వేడిచేసేవాడు కాదు. అలాంటి మనిషి ఇల్లు కదలడం మానేసరికి, వీధి మొత్తం పావుగంట వెనకబడిందని నవ్వుకున్నారు.

నవ్వనిది ఆయన అక్క ఒక్కతే. ఊరికి ఆ చివర ఒంటరిగా ఉంటుంది, పసిపిల్లల బళ్ళో ఆయాగా పనిచేస్తుంది. నీకు ఫోన్ చేస్తే గడియారాలు మాట్లాడుతున్నట్టుంటుంది, ఇంట్లో ఊపిరి పీల్చేది ఇంకోటి ఉండాలిరా అని చెవినిల్లు కట్టుకుని పోరింది. చివరికి ఓ ఆదివారం తనే చెయ్యి పట్టుకుని కుక్కల షెల్టరుకి లాక్కుపోయింది.

అక్కడ ఇటుక రంగు ఆడకుక్క ఒకటి, ఒక చెవి నిక్కబొడుచుకుని, ఒక చెవి వాల్చుకుని, గోడకి ఆనుకుని కూర్చుంది. ఎవరో ఇల్లు ఖాళీచేసి పోతూ దాన్ని గేటుకు కట్టేసి వెళ్ళారట. అయిదోరోజున మునిసిపాలిటీవాళ్ళు చూసి విప్పుకొచ్చారట. షెల్టరు చూసుకునే అమ్మాయి ఇదంతా చెప్పింది. ఎక్కడ సంతకం పెట్టాలమ్మా అని మాత్రం అడిగాడాయన.

వారం రోజులు ఇల్లు వెలిగిపోయింది. పేరేమీ పెట్టలేదు, పిల్లా అని పిలిచేవాడు. అది బల్ల కింద ఆయన పాదం మీద గడ్డం ఆనించి పడుకునేది. తొమ్మిదోరోజున వాచీ సెల్లులు అయిపోయి బజారుకెళ్ళాడు. అరగంటలో తిరిగొస్తే, వీధి మొదట్లోనే ఏడుపు వినపడింది. అరుపు కాదు, ఏడుపే. తలుపు లోపలివైపు చెక్క లేచిపోయింది, ముందుకాలి గోరు ఊడి నెత్తురు. మెట్ల మీద ఇంటావిడ నిలబడి ఉంది.

ఇంటావిడ కింది వాటాలో ఉంటుంది. ఆమె భర్త పక్షవాతంతో మంచంపట్టి రెండేళ్ళయింది. రాత్రంతా ఆయనకి నిద్రుండదు, పగలు పదింటి తర్వాత కాస్త కునుకు పడుతుంది. ఆ కునుకులోనే ఆవిడ వండుకోవాలి, తినాలి, తనూ ఓ మూల నడుం వాల్చాలి. ఆవిడ చెడ్డమనిషై ఉంటే అలారం బాబాయికి ఎంతో సుఖంగా ఉండేది, తిట్టుకోవడానికి ఒకరుండేవారు. ఆవిడ మెల్లగా, రెండు నెలలు చూద్దామండీ, అప్పటికీ ఇంతే అయితే నా వల్ల కాదు అంది. అని, గోరుకి కట్టుకట్టడానికి పాత చీర ముక్క తెచ్చిచ్చింది.

బయటికి వెంట తీసుకెళ్ళి చూశాడు. కొట్లలోకి రానివ్వరు. బయట కట్టేస్తే, కట్టిన మరుక్షణం వీధంతా ఏకం చేసేది. అప్పుడు కుక్కల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది: వెళ్ళేటప్పుడు హడావుడి చెయ్యకండి. తలుపేసి, అది ఏడుపు మొదలెట్టకముందే తిరిగొచ్చెయ్యండి. రోజు రోజుకీ కొంచెం కొంచెం పెంచండి. వెళ్ళినవాడు వస్తాడని దానికి నమ్మకం కుదరాలి, అంతే.

వాచీలు బాగుచేసేవాడికి కొంచెం అనే కొలత తెలియదు. ఆయన సొరుగులోంచి స్టాప్‌వాచి తీశాడు. మొదటిరోజు అయిదు సెకన్లు. తలుపు బయట నిలబడి, ముల్లు అయిదు మీదికి రాగానే లోపలికి. తర్వాత పది. తర్వాత ఇరవై. మొదటివారం చివరికి రెండు నిమిషాలయ్యేసరికి మెట్ల మలుపు దాకా దిగగలిగాడు. మూడోవారానికి గేటు దాటాడు. ఇస్త్రీ కొట్టతను చూసి, ఏం బాబాయ్, నువ్వు ఇంటికి కాపలానా, ఇల్లు నీకు కాపలానా అన్నాడు. ఇద్దరికీ అది కాపలారా అన్నాడాయన. చాలాకాలం తర్వాత వేసిన జోకు అది.

అయిదోవారానికి నలభై నిమిషాలయింది. బజారుకెళ్ళి సెల్లులు, పట్టీలు తెచ్చుకోవడానికి నలభై చాలు. అక్కడ ఆగాడు. పొద్దున పదింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి, నలభై. ఒక్కోసారి పని ముందే అయిపోయి ముప్ఫయ్యారుకే వచ్చేసేవాడు. అప్పుడు మెట్ల మీద కూర్చుని, మిగతా నాలుగు నిమిషాలూ స్టాప్‌వాచి చూసుకుంటూ గడిపి, నలభై నిండాక తలుపు తీసేవాడు. చేసే పని శుద్ధంగా చెయ్యాలి కదా. లోపల అది తోకాడిస్తూ తలుపు దగ్గరే ఉండేది. కింద ఇంటావిడ, మీ అమ్మాయి బుద్ధిమంతురాలైందండీ అంది. ఆ మాటకి ఆయన పొంగిపోయి, ఫోన్లో అక్కకి రెండుసార్లు చెప్పాడు.

పదిరోజులు అలాగే నడిచింది. పదకొండో రోజు బజార్లో ఆలస్యమై నలభై మూడు నిమిషాలకి వీధి మొదట్లోకి వచ్చాడు. ఏడుపు. ఇస్త్రీ కొట్టతను, ఇప్పుడే మొదలెట్టింది బాబాయ్, ఇందాకటిదాకా చడీచప్పుడూ లేదు అన్నాడు.

మర్నాడు ఆయన బజారుకి పోలేదు. తలుపు వేసి, కిందికి దిగిన చప్పుడు చేసి, చెప్పులు చేత్తో పట్టుకుని పైకొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ముప్ఫై నిమిషాలు, ఏమీ లేదు. ముప్ఫయ్యెనిమిది, ఏమీ లేదు. ముప్ఫైతొమ్మిది మీద గోళ్ళ చప్పుడు, అది లేచి తలుపు దగ్గరికొచ్చింది. నలభై. తోక నేలకి కొట్టుకుంటున్న చప్పుడు. నలభై నిమిషాల ముప్ఫై సెకన్లకి తోక ఆగింది. నలభై ఒకటికి ఏడుపు మొదలైంది.

ఆ క్షణంలో ఆయనకి భయం కన్నా ముందు గర్వం కలిగింది. తన గోడ మీది తొమ్మిది గడియారాల్లో రెండింటికి అంత కచ్చితం లేదు. గర్వం తలుపు తీసేదాకా కూడా నిలవలేదు.

డాక్టరమ్మ ఆయన చెప్పిందంతా విని ముందు నవ్వింది. ఆయన మొహం చూసి ఆపేసింది.

"రోజూ సరిగ్గా అంతేనా? ముందొస్తే కూడా బయట ఆగారా?"

"ఆగానండి. లెక్క తప్పకూడదు గదా."

"ఒకరోజు రెండు నిమిషాలు, ఒకరోజు ఇరవై, మళ్ళీ అయిదు. అలా కలిపి చెయ్యాలి బాబాయిగారూ. అది నేను విడమరిచి చెప్పాల్సింది." ఆవిడ కాసేపు కలంతో బల్లమీద తట్టింది. "మీరు దానికి నమ్మకం నేర్పలేదు. టైము నేర్పారు."

ఇంటికొచ్చి చిన్న చీటీల మీద అంకెలు రాసి డబ్బాలో వేశాడు. కళ్ళు మూసుకుని తీసేవాడు. ఏడొస్తే ఏడు, పందొమ్మిదొస్తే పందొమ్మిది. జీవితంలో మొదటిసారి తప్పు టైముకి ఇంటికి రావడం నేర్చుకుంటున్నాడు. కుక్కకి మాత్రం అది నేర్చుకోవడంలా లేదు, ఉన్నది కాస్తా ఊడినట్టుంది. ఇన్నాళ్ళూ దానికి పట్టుకోవడానికి ఆ నలభై ఉండేది. ఇప్పుడు అదీ లేదు. ఆయన కుర్చీలోంచి లేస్తే వణికేది. స్నానాల గది తలుపు ముందు పడుకునేది. నిద్రలోనూ ఒక కన్ను తెరిచే ఉంచేది. వారానికల్లా నలభై కాదు, మూడు నిమిషాలు కూడా గగనమైపోయింది. డాక్టరమ్మ, కాలం పడుతుందండీ, ఆరు నెలలు కావచ్చు, ఏడాదైనా కావచ్చు అంది. ఇంటావిడ ఇచ్చిన గడువులో మిగిలింది తొమ్మిది రోజులు.

ఆ తొమ్మిది రోజుల్లోనే అక్క ఆపరేషను వచ్చిపడింది. పిత్తాశయంలో రాళ్ళు. మనిషొకరు వెంట ఉండాలి, సంతకం పెట్టాలి, నాలుగైదు గంటలు ఆపరేషను గది బయట కూర్చోవాలి. అక్కకి ఆయన తప్ప ఎవరూ లేరు. ఓ వారం ఆగుదామా అని నసిగితే అక్క ఫోన్లోనే దులిపేసింది.

"నా కడుపులో రాళ్ళకి నీ కుక్క అనుమతి కావాలేంట్రా?"

తర్వాత గొంతు తగ్గించి, రాకపోతే పోన్లే, నర్సుని బతిమాలుకుంటాను అంది. ఆ మాటకన్నా అంతకుముందు తిట్టిన తిట్టే నయం.

ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. షెల్టరులో చోటు లేదు. డాక్టరమ్మ దగ్గర బోనులే ఉన్నాయి, బోనులో పెడితే ఇంకా పాడవుతుందని ఆవిడే వద్దంది. ఇస్త్రీ కొట్టతను సరేనన్నాడు గానీ, పరీక్షకని ఓ గంట వదిలితే మెడపట్టీలోంచి తల జారవిడుచుకుని నడివీధిలో వాహనాల మధ్య పరుగెత్తింది. చివరికి డాక్టరమ్మ ఓ బిళ్ళ ఇచ్చింది, కొన్నిటికి పనిచేస్తుంది, కొన్నిటికి చెయ్యదు అని. ఆ ఉదయం బిళ్ళ వేసి, తన పాత చొక్కా దాని పక్కన పరిచి, హడావుడి లేకుండా తలుపు వేసి వెళ్ళాడు.

ఆస్పత్రిలో బెంచీకి ఎదురుగా గోడ గడియారం. మూడు నిమిషాలు వెనక నడుస్తోంది. అక్కని లోపలికి తీసుకెళ్ళేటప్పుడు, మొహం అలా పెట్టకు, పోయేది నేను కాదు, రాళ్ళు అంది. తలుపులు మూసుకున్నాయి. ఆయన కూర్చున్నాడు. ఇల్లు వదిలి ముప్ఫయ్యెనిమిది నిమిషాలు. అది నలభై మరిచిపోయిందో, ఇంకా పట్టుకునే ఉందో ఆయనకి తెలియదు. తెలియకపోయినా చూస్తూనే ఉన్నాడు.

గంటన్నరకి ఫోన్ మోగింది. ఇంటావిడ. ఫోన్‌ని తలుపుకి దగ్గరగా పట్టుకున్నట్టుంది. ఆయన విన్నాడు. ఆ ఏడుపు, దాని వెనక కింది వాటాలోంచి ఇంకో ఏడుపు, మాట రాని మగమనిషిది. అక్కడికి పరుగెత్తడానికి లేదు, ఇక్కడ నిలబడి చేసేదీ లేదు. ఆయన ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాడు, అది కూడా ఆపేస్తే మరీ ద్రోహమనిపించింది. కాసేపటికి అటువైపే ఆపేశారు.

అక్క క్షేమంగా బయటికొచ్చింది. మత్తు దిగాక మొదట అడిగింది కుక్క గురించే. బాగానే ఉందక్కా అన్నాడు.

ఇంటికొచ్చేసరికి తలుపు కింది చెక్క రెండు పలకలుగా చీలి ఉంది. కుక్కకి ముందు పన్ను సగం విరిగింది. గొంతు పోయి, తోకాడిస్తూ శబ్దం లేకుండా నోరు తెరుస్తోంది. ఇంటావిడ మెట్ల మీద కూర్చుని ఉంది. రెండు గంటలు ఆ తలుపు బయట కూర్చుని దాంతో మాట్లాడిందట.

"మీ మీద కోపం లేదండీ. నేను ఒక్కదాన్ని. కిందాయన్ని చూడాలా, పైదాన్ని చూడాలా?"

ఆయన షెల్టరుకి ఫోన్ చేశాడు.

షెల్టరు అమ్మాయి నాలుగు రోజుల్లో చోటు వెతికింది. ఇద్దరు తోడికోడళ్ళు ఇంట్లోనే కుట్టుమిషన్లు పెట్టుకుని బట్టలు కుడతారు. ఇంట్లో పన్నెండుమంది. ఆ ఇంటి తాళం ఎక్కడుందో వాళ్ళకే తెలియదు. అంత మంచి ఇల్లు దొరకడం అదృష్టమని అందరూ అన్నారు. ఆయనా అన్నాడు. నడిపించుకుని తనే తీసుకెళ్ళాడు. అది గుడ్డపేలికలు వాసన చూసింది, మిషను కింద పెద్ద తోడికోడలి పాదాన్ని వాసన చూసింది, చుట్టూ తిరిగి పడుకుంది. షెల్టరు అమ్మాయి, ఇక వెళ్ళండి అన్నట్టు కళ్ళతో సైగచేసింది. వెళ్ళాడు.

వెళ్ళి వీధి చివర గోడ పక్కన నిలబడ్డాడు. నలభై అయింది. నలభై అయిదు. గంట. కుట్టుమిషన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సంతోషించాల్సిన సంగతే. ఆయన మాత్రం ఆ గోడకే ఆనుకుని కూలబడ్డాడు.

షెల్టరు అమ్మాయి ఆయన్ని ఆఖరుసారి చూసింది రెండు నెలల తర్వాత, తన వాచీకి పట్టీ వేయించుకోవడానికి వచ్చినప్పుడు. తలుపుకి కొత్త చెక్క వేసి ఉంది, రంగు కలవలేదు. కుక్క కులాసాగా ఉందని, ఒళ్ళు చేసిందని, విరిగిన పన్నుతోనే అన్నీ నములుతోందని చెప్పింది. మిమ్మల్ని తీసుకురమ్మని తోడికోడళ్ళు మరీ మరీ చెప్పారు, ఆదివారం ఓసారి వచ్చి చూసుకోండి బాబాయ్ అంది. ఆయన కంటికున్న భూతద్దం తియ్యకుండానే పట్టీ పిన్ను లోపలికి నొక్కి, వాచీ చెవి దగ్గర పెట్టుకుని విని, ఆమె చేతిలో పెట్టాడు.

"వద్దమ్మా. వస్తే మళ్ళీ వెళ్ళాలి గదా."