గాలి లోపలికి గుంజుడు నేర్పిన కాంపౌండర్ సాబ్

మొన్న శుక్రారం మా పక్కింటి కాంపౌండర్ సాబ్ పోయిండు. నమాజుకు లేసి మల్ల కూసున్నడట, గంతే. నాకంటె చిన్నోడు. నేనే ముందు పోతనని ఎన్నేండ్ల సందో ఫికర్ చేస్తున్న. ఎస్టీడీ డబ్బాకు పోయి మక్తల్‌ల ఉన్న నా బిడ్డకు చెప్తే ఫోన్లనే ఏడ్చింది. ఎందుకేడ్చిందో మీకు చెప్పాలె.

నాకు దమ్ము రోగం. పొయ్యి పొగ తిని తిని ఊపిరితిత్తులు చెడినయన్నరు దవాఖానల. అప్పట్ల బిడ్డ తొలి కాన్పుకని ఏడో నెలల మా కల్వకుర్తికి వచ్చింది. పుట్టినంక పిల్లకు నీళ్లు ఎవరు పొయ్యాలె? కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద ఏసుకొని వంగితే నాకు ఊపిరాడది. పిల్ల జారితే?

సాబ్ ఒక ప్లాస్టిక్ గొట్టం తెచ్చిండు. మూతికి బిరడా, బిరడాకు సన్న బెజ్జం. ముక్కు మూసుకొని పొద్దుమాపు దీంతోని కసరత్తు చెయ్యాలన్నడు. నేను ఫికర్ల సగమే విన్న. గొట్టం చేతికొస్తే ఆడిది ఊదకుంట ఉంటదా? ఎనిమిది దినాలు ఊదిన.

ఒకనాడు గోడ మీదికెల్లి చూసి నవ్విండు. "పొయ్యి అంటువెడ్తున్నవా అక్కా? లోపలికి గుంజాలె!"

"గాలి సాలకనే సస్తుంటే, గింత బెజ్జంలకెల్లి గుంజుమంటవేంది సాబ్?"

"ఊపిరితిత్తులు కొత్తగ కావు, అబద్ధం చెప్ప. గాలి గుంజే కండ ఉంటది, పక్కటెముకల కింద. పని చెప్తే గట్టిపడతది. బిందెలు మోసి నీ నడుము గట్టిపడలే? తల తిరిగితే ఆపు."

"గుండె ఆగితే?"

"నన్ను తిట్టు."

"ఆగినంక ఎట్ల తిట్టాలె?"

"గందుకే ఇప్పుడే తిట్టు!"

గుంజుడు జర అలవాటైతే ఇంకింత సన్న బెజ్జం బిరడా ఏసేటోడు. ఎట్లున్నవని అడగకపొయ్యేటోడు. గాలి గుంజేటప్పుడు నా మెడ కింద గుంట ఎంత లోపలికి పోతాందో చూసి, నాకెంత కష్టమైతాందో పసిగట్టేటోడు. గుంటల ఏం కనవడ్తదో అని నేను గూడ అద్దంల చూసుకునేదాన్ని. నాకేం తెల్వకపొయ్యేది.

మనుమరాలు పుట్టింది. నీళ్లు పోసేనాడు వంగిన. నడుమ రెండుమాట్ల ఆగి దమ్ము తీసుకున్న, గని పిల్లను ఎవ్వరికి ఇయ్యలే. నీళ్లు నేనే పోసిన.

ఇగ పిల్ల తలకు సాంబ్రాణి పొగ పట్టాలె. నిప్పుల కుండకు చెయ్యి చాపితే సాబ్ అడ్డమొచ్చిండు. "పొగ నీకు వద్దు అక్కా. దూరం పోయి గాలికి కూసో."

వాకిట్ల కుండ ముంగట తానే కూసుండి, పిల్లను మోచెయ్యి మీద పండవెట్టుకొని, తడి ఎంట్రుకలు ఏళ్లతోని విడదీస్తున్నడు. టోపీ మీదికెల్లి పొగ లేస్తాంది. నా బిడ్డ గడపకాడ నిలవడి చూస్తనే ఉన్నది. కండ్లల్ల నీళ్లు కారుతున్నయి, చెయ్యి మాత్రం ఆపలే.