పట్కారు వదిన, సీసపు గుండ్లు

మా ఆయన అక్కను అందరూ పట్కారు అనేవారు. నాకు పట్కారు వదిన, మా గోడ అవతలే ఆమె ఇల్లు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమె వెంటనే పలికేది కూడా కాదు.

చేపల వలలకు అంచు తాడు వెంట సీసపు గుండ్లు బిగించడం ఆమె పని. గుండుకు ఒక పక్క చీలిక ఉంటుంది. అందులో తాడు దూర్చి, నోట్లో పెట్టి గట్టిగా కొరికితే మూసుకుపోతుంది. ఇనప పట్కారుతో నొక్కేవాళ్ళు ఒక వల ముగించేలోపు వదిన రెండు ముగించి, వాళ్ళను ఎగతాళి చేయడానికి కూడా తీరిక చేసుకునేది.

"నా పట్కారుకి తుప్పు పట్టదు. అరువడిగేవాళ్ళూ ఉండరు" అని పళ్ళు చూపించేది. పెదవుల మీద బూడిదరంగు మరక ఉండేది. చేతి వెనకతో తుడుచుకుని అలాగే తినడానికి కూర్చునేది.

కూతురికీ అదే నేర్పింది. పెళ్ళయి పక్క వీధిలోనే ఉండే ఆ పిల్ల పగలంతా తల్లి దగ్గర కూర్చుని గుండ్లు కొరికేది. కడుపుతో ఉన్నప్పుడు కూడా మానలేదు. రక్తపరీక్షలో ఏదో తేడా ఉందని ఆస్పత్రికి రమ్మంటే, వదినతోపాటు తోడుగా నేనూ వెళ్ళాను.

"ఏం పని చేస్తావమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఇంట్లోనే అండీ. వలలకి గుండ్లు కొరుకుతా."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపేసింది. "కొరుకుతావా? సీసాన్నా?"

వదిన మధ్యలో దూరింది. "మింగదండీ, కొరికి వదిలేస్తుంది. నోటికి అంటేది ఆవగింజంత కూడా ఉండదు."

"ఆ ఆవగింజంతే రోజూ వెళ్తోందమ్మా. లోపలికెళ్ళింది అంత తేలిగ్గా బయటికి రాదు. ఎముకల్లో చేరి కూర్చుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు అక్కణ్ణించి కదిలి బిడ్డకి చేరుతుంది. బిడ్డ మెదడుకి ఇంతవరకైతే పర్లేదని చెప్పడానికి లేదు."

"నేను చిన్నప్పట్నించీ కొరుకుతున్నా. నాకేమైందండీ?" అంది వదిన. బల్ల మీద ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. వయసు వల్ల అనుకునేవాళ్ళం. డాక్టరమ్మ వాటికేసి చూసేసరికి వదిన చేతులు ఒళ్ళోకి లాక్కుంది. కూతురి వైపు చూసి అడిగింది.

"దీనికంటే ముందు నాకు రెండు కడుపులు పోయాయి. అవి కూడానా?"

"ఇప్పుడు చెప్పలేనమ్మా. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు."

ఇంటికి తిరిగొచ్చాం.

ఒప్పుకున్న వల ఒకటి ఇంకా ఇంట్లో ఉంది. మా ఆయన వాడే ఇనప పట్కారు తెచ్చి వదినకిచ్చాను. ఆమె కూతుర్ని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, దేన్నీ ముట్టుకోవద్దంది.

"ఏమే మరదలా, దీంతో ఈ వల ముగిసేసరికి ఏట్లో చేపలు ముసలివైపోతాయి" అంది నాతో. వేళ్ళు వణికి పట్కారు జారిపోతోంది. అది చూసి పిల్ల నవ్వింది.

"అత్తా, మా అమ్మకి ఎవరన్నా పని నేర్పండి!" అంటూ దగ్గరికి జరిగింది. నవ్వుతూనే డబ్బాలో చెయ్యి పెట్టింది. గుండు తీసింది, తాడు దూర్చింది. నోట్లోకి పోతున్న సంగతి దానికే తెలియదు.

వదిన పట్కారు విసిరేసి పిల్ల నోట్లో వేళ్ళు దూర్చింది. "ఉమ్ము! ఉమ్మవే!"

గుండు నేల మీద పడింది. పిల్ల పన్ను తగిలి వదిన వేలు తెగి రక్తం కారుతోంది.

"చూసుకోలేదమ్మా" అని ఏడ్చింది పిల్ల.

"నీ తప్పేముందే, అలవాటు చేసింది నేను. ఇవి ఇంట్లో ఉన్నంతకాలం నీ నోరు నీ మాట వినదు."

ఆ పూటే వలనూ డబ్బానూ మోసుకెళ్ళి వలల షావుకారుకు అప్పగించేసింది.

"ఏం పట్కారూ, పళ్ళూడాయా?" అన్నాడతను.

"ఊడలేదు. ఇకనుంచి తిండి నమలడానికే వాడుకుంటా."

ఇంటికొచ్చి గది మూలమూలలా తడిగుడ్డతో తుడిచింది. చీపురు పడితే దుమ్ము లేస్తుందని నన్ను పట్టనివ్వలేదు.

ఆడపిల్ల పుట్టింది. బిడ్డ రక్తం కూడా పరీక్ష చేశారు. "ఉంది, కానీ తక్కువే. చూస్తూ ఉందాం" అంది డాక్టరమ్మ. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. వదిన మాత్రం, "తక్కువే అని నేనూ అన్నానుగా" అని గోడవైపు తిరిగింది. మనవరాలిని ఎంత ఎత్తుకున్నా, సీసం కొరికిన ఆ నోటితో ఒక్కసారి కూడా ముద్దు పెట్టుకోలేదు.

మొన్న వానల్లో మూత్రపిండాలు పాడై వదిన చనిపోయింది. సీసం వల్లేనని ఎవరూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఇప్పుడు మాకు గోడ అవతల ఏ చప్పుడూ లేదు.

వదిన కూతురు బట్టల కొట్లో పనికి వెళ్తోంది. పాపను నేనే వదిన ఇంట్లో చూసుకుంటున్నాను. పాకడం వచ్చింది, ఏది దొరికితే అది నోట్లోకే. రోజూ తడిగుడ్డ పెడతాను. నిన్న గుడ్డ పిండి తిరిగేసరికి పాప తలుపు సందులోంచి ఏదో గీకి బయటికి తీస్తోంది. గుండు. పిడికిట్లో పట్టుకుని నోటిదాకా తెచ్చేసింది. ఎలా పరుగెత్తానో తెలియదు. వేళ్ళు విప్పి లాక్కున్నాను. పాప గుక్కపట్టి ఏడ్చింది.

వెలుగులో చూస్తే గుండు మీద రెండు పంటిగాట్లు.

వదిన పళ్ళవి. వాటిని బొటనవేలితో తడిమాను. దాచుకోవాలనిపించింది. ఆమెది నా దగ్గర ఇంకేమీ లేదు.

కాగితంలో గట్టిగా చుట్టి, పాత సీసం కొనే కొట్లో ఇచ్చేశాను. ఇంటికొచ్చి సబ్బుతో ముందు పాప చేతులు, తర్వాత నా చేతులు కడిగాను. అప్పుడు ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాను, వదిన బదులు కూడా.