బేరమాడి తెచ్చిన పిస్టల్

వరంగల్‌లో మాది స్టీలు సామాన్ల దుకాణం. మా నాయన కాలం నుంచి గల్లా దగ్గర ఒకటే కట్టుబాటు. సామాను ఇచ్చినా, చిల్లర ఇచ్చినా, ఏది తీసుకున్నా కుడి చేత్తోనే. పొద్దున బోణీ వేళ ఎడమ చెయ్యి ముందుకొస్తే ఆ రోజు వ్యాపారం మట్టి కొట్టుకుపోయినట్టే. నా బిడ్డకు ఏడేళ్లప్పుడు, నెక్కొండ నుంచి పెళ్లి సామాన్లకు వచ్చిన ఒక పెద్దమనిషికి చెంబు ఎడమ చేత్తో అందించింది. ఆయన ముఖం చిట్లించి తీసుకోలేదు. నాకు ఒళ్లు మండింది. అందరి ముందూ దాని చేతి మీద ఒక్కటి వేసి, "ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ఆ చెయ్యి ఎనుకకు పెట్టు!" అని అరిచాను. ఏడుస్తూనే కుడి చేత్తో ఇచ్చింది. తర్వాత రాత, తిండి, పని అన్నీ కుడి చేత్తోనే. అలవాటు మాన్పించానని పది మందికి చెప్పుకున్నాను.

కాలేజీకి వచ్చాక దానికి పిస్టల్ షూటింగు పిచ్చి పట్టింది. మొదట గాలి పిస్టల్‌తో పది మీటర్లు, తర్వాత క్లబ్బు వాళ్ల పాత పాయింట్ టూ టూ తూటాల పిస్టల్‌తో ఇరవై ఐదు మీటర్లు. మిలిటరీలో పనిచేసి వచ్చిన కోచ్ సారు ఒకాయన నేర్పించేవాడు. మూడేళ్లు వెళ్లింది. ఆ మూడేళ్లలో నేను ఒక్కరోజు కూడా షూటింగు రేంజికి పోయి చూడలేదు. దుకాణం ఎవరు చూసుకుంటారు మరి? అప్పట్లో నా సాకు అది.

రాష్ట్ర పోటీలో అర్హత స్కోరు తెచ్చుకుంటే జాతీయ పోటీకి పంపిస్తారు. క్లబ్బు పిస్టల్ పదిమంది చేతులు మారేది. అందుకని సొంతది కావాలంది. తిరగ్గా తిరగ్గా దాని పేరు మీద లైసెన్సు వచ్చింది. అప్పుడు అది ఒకే మాట చెప్పింది.

"బాపూ, నేను గూడ వస్త. చేతిల పట్టి చూడాలె. పట్టు కుదిరితేనే పిస్టల్, మిగిలినయన్ని తర్వాత."

"నువ్వొస్తే వాడు అడిగినంత ఇచ్చొస్తవు. పరీక్షలున్నయి గద, సదువుకో. బేరం నాకొదిలిపెట్టు" అన్నాను.

హైదరాబాదులో ఆయుధాల దుకాణానికి ఒక్కణ్నే వెళ్లాను. నలభై ఏళ్లుగా గిన్నెలు మీటి చూసే చెయ్యి కదా, ఇనుము గురించి నాకు ఎవడు చెప్పాలి అనే పొగరు. చేతికి రాగానే గోటితో గొట్టం మీద టంగుమని మీటాను. ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కబోయాను.

"అరె, జర ఆగుండ్రి సేఠ్!" అని దుకాణదారు నా చెయ్యి పట్టుకున్నాడు. "పాయింట్ టూ టూ తూటాకు దెబ్బ అంచు మీద పడతది. లోపల తూటా లేకుంటే దెబ్బ కొట్టే సూది పోయి గొట్టం అంచుకే తగుల్తది. ఖరాబైతది."

నాకు తెలిసినట్టే తల ఊపాను.

మూడు చూపించాడు. ఒకటి కొత్తది, ధర వింటేనే కళ్లు తిరిగాయి. ఒకటి చవకది, ట్రిగ్గర్ మొండిగా ఉంది. మూడోది ఒక షూటరు కొద్దిరోజులు వాడి అమ్మిన విదేశీ పిస్టల్. ట్రిగ్గర్ వెన్నలా కదిలింది, గురి చూసే పలక ఎటు తిప్పితే అటు తిరిగింది. అరచేయి అందులో ఒదిగిపోయేలా చెక్కిన కర్ర పిడి. ఇప్పటికీ చెబుతాను, ఆ ధరకు అంత మంచి సరుకు దొరకదు. అదే నా ఖర్మ.

బేరమాడి బయానా ఇచ్చాను. పిస్టల్‌ని మా కోసం పక్కన పెడుతూ అతను అడిగాడు. "బిడ్డది ఏ చెయ్యి సేఠ్? ఈ పిడి కుడి చేతోళ్లకు. ఎడమదైతే వేరే పిడి తెప్పియ్యాలె."

నేను నవ్వాను. "మాది దుకాణదార్ల ఇల్లు. మా ఇంట్ల ఎడమ చెయ్యి వాడెటోళ్లే లేరు."

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు మండుతాయి.

వారం తర్వాత లైసెన్సు సంతకాలకు బిడ్డను ఆ దుకాణానికి తీసుకెళ్లాను. పిస్టల్ చేతికి తీసుకుని పిడిని కాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేనేమో ధర ఎంత తగ్గించానో పక్కనున్నాయనకు చెప్పుకుంటున్నాను. "మంచిగుంది బాపూ" అంది.

రెండు నెలలు రోజూ అడిగాను, "ఎట్ల కొడ్తాంది మన పిస్టల్?" అని. మంచిగ కొడ్తాంది అనేది.

పోటీ రోజు దుకాణం కట్టేసి వెళ్లాను. వెనక కుర్చీలో కూర్చుని చూశాను. కుడి చేత్తో పిస్టల్ ఎత్తింది. మొదటి గుండ్లకే కోచ్ సారు తల దించుకున్నాడు. చివరికి అర్హతకు దగ్గరలో కూడా లేదు. బయటికి రాగానే నా నోరు ఆగలేదు.

"అంత మంచి పిస్టల్ తెచ్చిస్తే గిదా నువ్వు కొట్టింది? నా ఇజ్జత్ తీసినవ్!"

దానితో ఆడే పిల్లలందరూ విన్నారు. అది తల వంచుకుని పిస్టల్‌ని పెట్టెలో సర్దుకుంది.

కోచ్ సారు నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "మీ బిడ్డ ఎడమ చేత్తోని కొడ్తది సార్, మీకు ఎరుక లేదా? మూడేండ్ల సంది ఎడమ చెయ్యే, క్లబ్బు పిస్టల్ పిడి రెండు చేతులకు సరిపోతది. ఎడమ పిడి తెప్పిద్దామన్న. మా బాపు మనసు నొచ్చుకుంటడన్నది. రెండు నెలల సంది కుడి చేత్తోని తిప్పలు పడ్తాంది. పోనీ, ఇయ్యాల క్లబ్బు పిస్టల్‌తోని ఎడమ చేత్తో కొట్టు బిడ్డా అన్న. ఇయ్యాల మా బాపు సూడనీకె వస్తాండు సార్ అన్నది."

నిలబడ్డ చోట భూమి చీలితే బాగుండు అనిపించింది. ఆ చెయ్యి ఎక్కడికీ పోలేదు. నా కంట పడకుండా మూడేళ్లు రేంజిలో బతికింది. దాన్ని నేను అక్కడికి కూడా వెంటాడి వెళ్లాను.

మర్నాడే ఆయుధాల దుకాణానికి ఫోన్ చేశాను. నెల రోజులకు ఎడమ చేతి పిడి వచ్చింది. బేరం ఆడలేదు. దుకాణంలో గల్లా ముందే, గిరాకీ ఉన్న వేళే, ఆ పొట్లం దాని ముందుకు చాపాను.

"ఎడమ చేతిది బిడ్డా" అన్నాను.

దాని కళ్లు మెరిశాయి. ఒకసారి గిరాకీల వైపు చూసింది. తర్వాత కుడి చెయ్యి చాపి తీసుకుంది.