పిల్లను తుడిచింది నేను

"పిల్లను నేనే తుడిచేసిన గదనే?" అన్నాడు మా ఆయన.

"పోనీ. ఇప్పుడెందుకు యాది చేస్కుంటవ్?" అన్నాను నేను.

మా ఇద్దరి చివరి మాటలు ఇవే. ఆ సాయంత్రమే పోయాడు. తుడిచింది ఆయన కాదు. నేను. ఈ మాట ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రజిత రాస్తోంది. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం.

ఆయనకు యూనివర్సిటీ దగ్గర, తార్నాకలో ఫొటో స్టూడియో ఉండేది. మాకు ఒక్కతే బిడ్డ, సునీత. నాలుగేళ్లకే జ్వరంతో పోయింది. స్టూడియోకు కంప్యూటర్ వచ్చాక ఆయన ఆమెను పెంచడం మొదలుపెట్టాడు. ఏడాదికొక ఫొటో, అందులోనే అతికించి. యూనిఫాంలో, లంగా ఓణీలో, సైకిల్ మీద. ఒళ్లు ఎవరి పిల్లదో. ముఖం సునీతదే, దానికి నా చిన్నప్పటి గడ్డం, ఆయన ముక్కు కలిపేవాడు. కలలో పిల్ల ఏ రంగు గౌనుతో కనబడితే పొద్దున్నే ఆ రంగే తొడిగేవాడు. ఒక్కటీ ప్రింటు తీయలేదు. "కాగితం మీదికొస్తే పటమైతది, పటానికి దండెయ్యాలె," అనేవాడు. నాలుగేళ్లప్పటి అసలు ఫొటోను చెదలు తిన్నాయి. దాని నకలు కూడా ఆ కంప్యూటర్‌లోనే మిగిలింది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడుస్తున్న ఆ ఏడు, బతికుంటే సునీతకు పంతొమ్మిది నిండేవి. యూనివర్సిటీలో దీక్షలు. మా దుకాణం సగం రోజులు బంద్. ఒకరోజు తెర మీద చూస్తే, కాలేజీ మెట్ల ముందు దీక్షకు కూర్చున్న అమ్మాయిల మధ్య, మొదటి వరుసలో, నా బిడ్డ.

"గక్కడెందుకు కూసోబెట్టినవ్ దాన్ని?"

"పంతొమ్మిదేండ్ల పిల్ల ఇంట్ల కూసుంటదా ఏంది? నీ మొండితనమే వచ్చింది దానికి."

"తీసెయ్. లాఠీలు పడ్తయ్."

ఆయన నవ్వాడు. "నేను చెప్తే లేస్తదా అది? నువ్వే పోయి తీస్కరా."

మర్నాడు మధ్యాహ్నం క్యాంపస్ వైపు నుంచి టియర్ గ్యాస్ గోళాల చప్పుడు. ఆయన కెమెరా పట్టుకుని ఉరికాడు. పొగ తార్నాక దాకా వచ్చింది. కళ్లు మండుతున్నాయి. షట్టర్ సగం దించి, కంప్యూటర్‌లో సునీత ఫొటోలుండే చోటు తెరిచాను. అక్కడే కూర్చుని ఉంది. లేవమన్నాను. పిచ్చిదాన్ని, పైకే అన్నాను. అక్షరాలు రాకపోయినా, ఆయన రోజూ తుడుస్తుంటే చూసి చూసి నేర్చుకున్నాను. తెర మీది చెత్తబుట్ట బొమ్మలో వేశాను. ఖాళీ చేశాను.

ఆ ఒక్కటే తీయబోయానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. సునీతలందరూ వరుసగా కనబడ్డారు, అందర్నీ వేశాను. చదవడం రాదు గానీ చూడటం వచ్చు కదా? అది భయమేనా? ఆయనకు ఏటేటా కొత్త పిల్ల పుడుతుంటే, వాళ్లందరి వెనకా నా నాలుగేళ్లది ఎలా ఉండేదో నాకు గుర్తు రాకుండా పోతోందన్న కోపం కాదా? మరి ఆ నాలుగేళ్లదాన్ని కూడా ఎందుకు వదల్లేదు?

ఆయన తిరిగొచ్చి, వెతికి వెతికి తల పట్టుకున్నాడు. "పొద్దున జాగ లేదని పాతవి తుడిచిన. అండ్లనే పోయిందా ఏంది?" అని నా ముఖం చూశాడు.

"అయ్యుంటది," అన్నాను.

మళ్లీ చేద్దామంటే ముఖమే లేదు. ఆయన ఇక కంప్యూటర్ ముందు కూర్చోలేదు. పెళ్లి ఫొటోలు హబ్సిగూడలో ఎవరికో ఇచ్చి చేయించేవాడు. కన్నబిడ్డను తన చేత్తోనే పోగొట్టుకున్నానని అనుకుంటూ బతికాడు. ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. చివరి రోజు కూడా "పోనీ" అని క్షమించినట్టు మాట్లాడాను. నేను, ఆయన్ని.

మీరు నన్ను క్షమించాలని చెప్పడం లేదు. క్షమించగలిగినవాడు లేడు. నోటి నుంచి బయటికి రావాలి, అంతే. వచ్చింది.

రజితా, ఏడవకు బిడ్డా, కాగితం తడుస్తుంది. నేను చెప్పిందే రాశావో లేదో నాకెలా తెలుస్తుంది? మొదటి నుంచి గట్టిగా చదువు. నాకు నొప్పి కలుగుతుందని ఎక్కడా మాట మార్చకు.