వెలగని ప్రొజెక్టర్ ముందు పాఠం

అకౌంట్స్ టీచరమ్మకు చూపు మందగించడం మొదలై ఏడాది దాటింది. ఇక బాగయ్యే జబ్బు కాదని కంటి డాక్టరు తేల్చేశాడు. ఆ సంగతి ఇంట్లో చెల్లెలికి తప్ప ఎవరికీ తెలియదు. బడి కంప్యూటర్ గదిలో ఏ మీట నొక్కితే ఏం వస్తుందో ఆవిడకు కంఠతా వచ్చు కాబట్టి, పాఠం నల్లేరు మీద నడకలా సాగిపోయేది.

ఆ రోజు పిల్లల చేత అమ్మకాలు, కొనుగోళ్లు ఎక్కించి, ట్రయల్ బ్యాలెన్స్ తెరిచే మీట నొక్కింది. ఎండ పడి మెరుస్తున్న గోడ వైపు చెయ్యి చూపి, "చూశారా, డెబిట్టూ క్రెడిట్టూ ఎలా సరిపోయాయో!" అంది మురిసిపోతూ.

అల్లరికి పెట్టింది పేరైన ఆ తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. చివరికి ముందు బెంచీ అమ్మాయి లేచి, "టీచర్, ప్రొజెక్టర్ వెలగట్లేదు. గోడ మీద ఏమీ లేదు," అంది గొంతు తగ్గించి.

"ఎప్పట్నుంచి?"

"పాఠం మొదలైనప్పట్నుంచి, టీచర్."

ఆవిడ కుర్చీ కోసం తడుముకుంటుంటే ఆ అమ్మాయే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"మీరు అంత బాగా చెప్తుంటే ఆపబుద్ధి కాలేదు, టీచర్."

సాయంత్రం సంగతి తెలిసిన హెడ్మాస్టర్ జాలిపడి, లైబ్రరీలో పని ఇస్తానన్నాడు. "చదవలేనిదాన్ని పుస్తకాలకు కాపలా పెడతారా సార్?" అని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. రాజీనామా చెల్లెలి చేతే రాయించింది.

మర్నాడు పొద్దున అలవాటు చొప్పున తయారై గుమ్మందాకా వచ్చింది. "ఎక్కడికక్కా?" అని చెల్లెలు అడిగేసరికి, అక్కడే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.