ఏ రోడ్డు బందో చెప్పే మా స్టోర్ కాకా

మా పాత సైట్ వాట్సాప్ గ్రూపులో పండగ శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ రావు. ఈమధ్య ఒక మంగళవారం అందులో ఒక్క లైను వచ్చింది: స్టోర్ కాకా చనిపోయాడు. కింద వరుసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక, ఆ మనిషికి నేనిచ్చేది ఇదేనా అని సిగ్గేసింది.

జూబ్లీహిల్స్‌లో మా కంపెనీ కట్టిన ఒక పెద్ద ఇంటికి కాకా స్టోర్‌కీపర్. సిమెంటు, ఇనుము, ఇసుక, టైల్స్ ఏవి ఎప్పుడు రావాలో, వచ్చాక ఎక్కడ ఉండాలో చూసే మనిషి. రోజూ బోరబండ నుంచి నడిచి వచ్చేవాడు. నేను కాకినాడ నుంచి కొత్తగా దిగిన ప్లానింగ్ ఇంజనీరును. సప్లై చైన్ మేనేజ్‌మెంట్ చదివిన గర్వం ఒంటినిండా ఉండేది. నా రంగురంగుల చార్టును ఆయన కళ్లద్దాలు పైకెత్తి చూసి, "మంచిగుంది బిడ్డా. మరి ఇందుల గేటేది?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

నిజానికి ఆ స్థలంలో అన్నిటికంటే పెద్ద సమస్య గేటే. ఉన్నది ఒక్కటి, లోపల చూస్తే ఇరుకు. ఇవాళ ఇసుక పోసిన చోటే వారం తర్వాత ఇనుము దించాలి. చివర్లో వాడేది ముందే వచ్చి గేటు దగ్గర కూర్చుంటే పనంతా ఆగిపోతుంది. ఇది నాకు ఏ క్లాసులోనూ ఎక్కలేదు. ఆయన సుద్దముక్కతో నేల మీద గీసి చూపిస్తే ఎక్కింది. టైల్స్ వస్తే పెట్టెను ఒక మూల ఎత్తి కదిపి, చెవి ఆనించి వినేవాడు. "ఇందుల రెండు పలిగినయ్" అనేవాడు. విప్పి చూస్తే పగిలినవి సరిగ్గా రెండే ఉండేవి. లారీ బయల్దేరిందని నేను సంబరపడితే, "బయల్దేరితె వచ్చినట్టు కాదు బిడ్డా, గేటు దాటితెనే వచ్చినట్టు" అనేవాడు.

ఆయనకు ఇంకో అలవాటుండేది. పొద్దున్నే కృష్ణానగర్ మీదుగా వస్తూ, వ్యాన్ల కోసం నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టులను ఆ రోజు షూటింగ్ ఎక్కడని అడిగి తెలుసుకునేవాడు. హీరోల మీద మోజు అనుకుని నేను నవ్వుకునేదాన్ని.

మొదటి స్లాబుకు ముందు రాత్రి కాకా సైటులోనే పడుకున్నాడు. పొద్దున నేను రాగానే, "కృష్ణానగర్ల అడిగినవా?" అన్నాడు. "అరగంటకో లారీ వస్తుంది కాకా, అంతా చార్టులో ఉంది" అన్నాను. రెండు కాంక్రీటు లారీలు వచ్చాయి. తర్వాత రాలేదు. ఫిల్మ్‌నగర్ వైపు ఎత్తురోడ్డులో షూటింగ్ పెట్టి దారి మూసేశారు. లారీలో కాంక్రీటు ఎక్కువసేపు ఆగదు. ఇక్కడేమో సగం పోసిన స్లాబు అంచు ఎండలో గట్టిపడుతోంది. అతుకు పడితే రేపు అక్కడే నీళ్లు కారతాయి. నేను ఫోన్లు చేస్తూ ఏడుపు ఆపుకుంటున్నాను. కాకా చెప్పులేసుకుని దిగువకు నడిచాడు.

ఏం చెప్పాడో, ఎవరిని బతిమాలాడో తెలియదు. కెమెరా ఇటు నుంచి అటు మార్చే కాస్త వ్యవధిలో మా లారీలను వదిలారు. పోలీసు వేషంలో ఉన్న ఆర్టిస్టు చెయ్యూపి దారిచ్చాడట. మా డ్రైవరు నిజం పోలీసనుకుని సలాం కొట్టాడట. స్లాబు నిలిచింది. పెద్ద ఇంజనీరు ఆలస్యం ఎందుకైందని అడిగితే, కాకా నా వైపు చూడకుండా "ట్రాఫిక్ సార్" అన్నాడు.

ఇల్లు పూర్తయింది. తర్వాతి సైటు ఊరవతల. అక్కడికి నేను వేసిన ప్లానులో స్టోరే లేదు. ఏ రోజు సరుకు ఆ రోజే వస్తుంది, వచ్చినచోటే వాడేస్తారు. అందరూ మెచ్చుకున్నారు. కాకాను ఇంటికి పంపారు. ఆ మాట నేనే ముందు చెప్పి ఉండాల్సింది. చెప్పలేకపోయాను.

ఆ తర్వాత రోజూ ఏడింటికి ఫోన్ చేసేవాడు. "బిడ్డా, ఇయ్యాల ఫిల్మ్‌నగర్ దిక్కు బంద్, మూడింటి దాక."

"నేనిప్పుడు అటు లేను కదా కాకా."

"ఎరుకనే బిడ్డా. ఊకె చెప్పిన."

మధురానగర్‌లో నేను ఒక్కదాన్నే ఉంటాను. ఈ ఊళ్లో పొద్దున్నే నన్ను పేరు పెట్టో వరస పెట్టో పిలిచే ఫోన్ అదొక్కటే. అయినా విసుగొచ్చింది. కొన్నాళ్లకు ఎత్తడం మానేశాను.

కాకా పోయిన పదకొండో రోజు, కర్మకు బోరబండ వెళ్లాను. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "నీకు ఫోన్ చేసినంకనే చాయ్ తాగెటోడమ్మా. ఎత్తకపోతె, పిల్ల పనిల ఉన్నట్టున్నది అనెటోడు" అంది. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

భోజనాల దగ్గర నా పక్కన నడివయసు ఆవిడ కూర్చుంది. కృష్ణానగర్‌లో ఉంటుందట, జూనియర్ ఆర్టిస్టునని చెప్పింది. "పొద్దుగాల్నే అడిగెటోడు, ఇయ్యాల యాడమ్మా అని. మేం యాడికి పోతున్నమో ఇంట్ల కూడ ఎవరడగరు మేడమ్" అంది.

"రేపెక్కడ?" అన్నాను.

ఆవిడ అన్నం కలపడం ఆపి నా వైపు తిరిగింది. ఏ మలుపు దగ్గర వ్యాన్లు ఆపుతారో, ఎన్నింటికి దారికి అడ్డంగా తాడు కడతారో, ఎవరు వచ్చేదాకా తియ్యరో అన్నీ వివరంగా చెప్పింది. ఆ రోడ్డు మీద నాకు ఏ పనీ లేదు. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. విస్తట్లో అన్నం చల్లారిపోతున్నా, ఆవిడ చెప్పడం అయ్యేదాకా విన్నాను.