గసగసాల కేకూ, ఫ్లోరిడా గొంతూ

నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్ళో చర్చి విందైనా, చావైనా లియోనా వొండ్రా గసగసాల కేకు వెళ్ళాల్సిందే. చెయ్యి మంచిది, మనసూ మంచిదే. ఉన్నదల్లా ఒక్క కుళ్ళు. అదీ యాభై ఏడో ఏట పట్టుకుంది. మొగుడు ఎమిల్ పశువుల లారీ తోలుతూ నెలకు ఇరవై రోజులు రోడ్డుమీదే ఉన్నన్నాళ్ళూ అసూయపడే తీరిక కూడా లేకపోయింది.

నడుం పాడై ఇంటిపట్టున పడ్డాక, ఎమిల్ లారీలోని సీబీ రేడియో, అదే డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే పెట్టె, ఊడదీసి వంటింటి పక్కగదిలో పెట్టుకున్నాడు. పెరట్లో గొట్టం పాతి ఏరియల్ ఎత్తాడు. సూర్యుడి మీద మచ్చలు పెరిగితే పాతిక మైళ్ళు పోయే మాట ఆకాశానికి తగిలి వెయ్యి మైళ్ళ అవతల పడుతుందట. పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో ఆ మచ్చలు విపరీతంగా ఉన్నాయి. ఒక పొద్దున ఫ్లోరిడా నుంచి ఒకావిడ గొంతు నేరుగా వొండ్రా వాళ్ళింట్లో పడింది. రేడియోలో అసలు పేర్లు ఉండవు. ఆవిడ నారింజపువ్వు, ఎమిల్ తుప్పునాగలి.

భోజనం దగ్గర "ఉప్పందుకో" తప్ప నోరు విప్పని మనిషి, ఆ గదిలో పకపకా నవ్వేవాడు. లియోనాకి ఒళ్ళు మండిపోయేది. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో తనతో అలా నవ్వింది ఎన్నిసార్లు?

ఇలాంటి రేడియో ఉన్న ఏ ఇంట్లోనైనా ఆ మాటలు వినబడేవే. పక్కింటి బొజెనా ఊరుకుంటుందా? "ఏమే లియోనా, మీ ఆయన ఫ్లోరిడాలో ఇంకో కాపురం పెట్టాడటగా!"

"పెడితే పెట్టనీ. అంట్లు తోమే బాధ తగ్గుతుంది," అంది లియోనా. ఆ పగలంతా వంటింట్లో గిన్నెలు ఎత్తేస్తూనే ఉంది.

మర్నాడు పిండి గిలకొట్టే కరెంటు మిషను వేసింది. పక్కగదిలో రేడియో గరగరమని, నారింజపువ్వు గొంతు మాయమైంది. మిషను ఆపితే ఆవిడ వచ్చింది. వేస్తే పోయింది. లియోనా మొహం వెలిగిపోయింది.

ఆనాటినుంచి ఆ గొంతు వచ్చిందంటే చాలు, కేకే. వారానికి నాలుగు. ఎమిల్ ప్యాంటు బిగుతైంది. గసగసాల డబ్బా అడుగంటింది. ఆయన మాత్రం రెండేసి ముక్కలు తిన్నాడు. అయినా ఆమె అనుమానం చావలేదు. తను సంతకి వెళ్ళినప్పుడు వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో?

తేల్చుకోవాలనుకుంది. ఆ మంగళవారం పొద్దున గొంతు రాగానే మిషను ముట్టలేదు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పన్నెండు గుడ్ల తెల్లసొన చేత్తో గిలకొడుతూ తలుపు వారగా కూర్చుంది. చెయ్యి లాగేస్తోంది, చెవులు మాత్రం అక్కడే ఉన్నాయి.

"ఏమయ్యా తుప్పునాగలీ, ఇంతసేపు వినబడుతున్నానా?" అంది నారింజపువ్వు. "మీ ఆవిడ ఊళ్ళో లేదా ఏం?"

లియోనా చెయ్యి ఆగిపోయింది.

"ఇంట్లోనే ఉంది," అన్నాడు ఎమిల్, దిగులుగా. "ఏమైందో మరి, మిషను వెయ్యలేదు. ఒంట్లో బాగాలేదేమో."

"అయితే ఇవాళ కేకు లేనట్టేగా పాపం!"

"అదే నా బాధ. కేకు తినాలనిపిస్తేనే కదా నిన్ను పిలిచేది!" అని, మళ్ళీ తనే, "ఇన్నేళ్ళు నేను రోడ్డుమీద ఉంటే, ఎక్కడున్నావని ఒక్కనాడు అడగలేదు. ఇప్పుడు నాకోసం మిషను వేస్తోంది. ఆ చప్పుడు వినకపోతే నాకు తోచదు," అన్నాడు.

"అదృష్టవంతుడివి. నా ఇంట్లో ఏ చప్పుడూ లేదు," అంది ఆవిడ.

లియోనాకి కోపం వచ్చింది. తనతో చెప్పాల్సిన మాట ఆవిడతో చెప్పాడని వచ్చింది. కళ్ళు తుడుచుకుని లేచింది. గిన్నె అక్కడే వదిలేసి, ఉత్త మిషను పట్టుకుని మీట నొక్కింది.

రేడియో గరగరలాడింది. "అదిగో, పిలుస్తోంది! ఉంటాను," అని అరిచి, ఎమిల్ మొట్టమొదటిసారి రేడియో తనే కట్టేశాడు.